యోగా నేర్పేవారికీ హద్దులున్నాయి

పెదకాకాని: యోగా నేర్పేందుకు ప్రభుత్వ ధ్రువపత్రం తప్పనిసరి కాదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో 2018లో ఏర్పడిన యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష జరిపి ధ్రువపత్రమిస్తున్నా, అది స్వచ్ఛందమే. గురువు అర్హతను విచారించుకోవలసింది చేరేవారే.

పతంజలి యోగసూత్రాలలో ఆసనం మూడో అంగం. మొదటిది యమం; అందులో తొలి మాట అహింస. రక్తపోటు, గర్భం వంటివి ముందే అడగకుండా శీర్షాసనం వేయించడం దానికి విరుద్ధమే. షుగరు మాత్రలు మానేయమనడం మరీ ప్రమాదకరం. ఇన్సులిన్ ఆపితే కొందరికి ప్రాణాపాయమే.

భంగిమ సరిదిద్దేందుకు తాకవలసివస్తే ముందుగా అనుమతి కోరాలి. వద్దంటే నోటితో చెప్పి సరిచేయాలి. గురుభక్తి పేరిట మహిళలు మౌనం వహించేది ఇక్కడే. పదిమందిలోపు సిబ్బందే ఉన్నా, ఆరోపణ యజమానిపైనే అయినా, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడి ఉద్యోగినే కానక్కరలేదు, నేర్చుకోవడానికి వచ్చిన మహిళకూ ఈ హక్కుంది. బాధితులు పద్దెనిమిదేళ్లలోపు వారైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమూ నేరమే.

ఇక రుసుము. మిర్చి కోతల వేళ వారాల తరబడి రాలేనివారు ఏడాది సొమ్ము ఒకేసారి కట్టేముందు వాపసు షరతును రసీదుపై రాయించుకోవాలి.