బుక్కు ఎవరి చేతిలో ఉంటే ఆఫీసు వాళ్లదే: సాలార్‌జంగ్ చేసిన రిపేరు

ఈరోజు ఎపిసోడ్‌లో రెండు ఆఫీసులున్నాయి. ఒకటి నేను పనిచేసింది. రెండోది నూట డెబ్బై ఏళ్ల కిందటి హైదరాబాద్ రాజ్యం.

ముందు నాది చెప్తా. నా మొదటి ఉద్యోగం మా మేడిపల్లి దగ్గరే, వరంగల్ రోడ్డు మీద ఒక గోడౌన్‌లో. పేరు వద్దులెండి. ముప్ఫై మందిమి. హాజరు, ఓవర్‌టైమ్, అడ్వాన్సులు అన్నీ సూపర్‌వైజర్ అన్న దగ్గర ఒక పొడుగు బుక్కులో ఉండేవి. ఆ బుక్కు సాయంత్రం ఆయనతోపాటే ఇంటికి పోయేది. ఒక నెల నాకు పదకొండు రోజుల ఓవర్‌టైమ్ రావాలి, ఆరు రోజులదే వచ్చింది. అడిగితే "బుక్కులో ఆరే ఉంది తమ్మీ" అన్నాడు. బుక్కు చూపించన్నా అంటే మొహం మాడ్చుకున్నాడు. మేమందరం కలిసి గొడవ చేస్తే ఓనరు ఆయన్ని తీసేసి, బాగా మంచోడని పేరున్న ఇంకో అన్నను పెట్టాడు. ఆరు నెలలు గడిచాయి. ఈ కొత్తన్న చేతిలో కూడా ఒక బుక్కు! అదీ సాయంత్రం ఇంటికే పోతోంది.

మనిషి మారాడు గానీ సమస్య కదల్లేదు. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత సాలార్‌జంగ్ గురించి చదువుతుంటే తట్టింది.

సాలార్‌జంగ్ అనగానే మనకు మ్యూజియం, మ్యూజియం అనగానే గంట కొట్టే గడియారం. ఆ మ్యూజియంలో ఎక్కువ వస్తువులు సేకరించింది మూడో సాలార్‌జంగ్. నేను చెప్పేది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్ సంగతి. అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టాడు. మ్యూజియంలో పల్చటి ముసుగు వేసుకున్నట్టు కనిపించే రెబెక్కా పాలరాతి బొమ్మ ఉంటుంది కదా, దాన్ని 1876లో ఇటలీలో కొని తెచ్చింది ఈయనే. సరే, బొమ్మ సంగతి పక్కన పెడదాం.

1853 మే నెల. ఇంగ్లీషువాళ్ల సైన్యం ఖర్చు కట్టలేక నిజాం బేరార్‌ను వాళ్లకు అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆయన కుర్చీలో కూర్చోబెట్టింది ఆయన సోదరుడి కొడుకుని, అంటే మన తురాబ్ అలీని. వయసు 24. ఇప్పుడైతే బీటెక్ అయిపోయి బెంచ్ మీద ఉండే వయసు. ఖజానా ఖాళీ. సిపాయిలకు జీతాలు బాకీ. నిజాం నగలు కూడా తాకట్టులో ఉన్నాయి.

అందరూ చెప్పే మాట ఒకటే: డబ్బుల్లేవు. నిజానికి డబ్బులు ఉన్నాయి. రైతు శిస్తు కడుతూనే ఉన్నాడు. మరి ఎటు పోతోంది?

ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, అసలు కథ ఇదే. సర్కారు సిపాయిలకు జీతం ఇవ్వడానికి సాహుకారు దగ్గర అప్పు చేస్తుంది. ఆ అప్పుకు పూచీగా ఒక తాలూకా వసూళ్లు రాసిస్తుంది. కొన్నిచోట్ల జీతం బాకీ ఉన్న అరబ్బు జమాదార్ల చేతికే తాలూకాలు పోయాయి. మిగతా చోట్ల తాలూక్దార్లు ఉండేవాళ్లు. ఈ తాలూక్దారును ఇప్పటి తహసీల్దారులా ఊహించుకోవద్దు. కాంట్రాక్టరు అనుకోండి. ఇంత కడతానని ఒప్పుకుని వసూలుకు దిగుతాడు. ఊళ్లో ఎంత పిండాడో, ఎంత మిగుల్చుకున్నాడో హైదరాబాద్‌కు తెలీదు. హైదరాబాద్‌లో లెక్కలు చూసే దఫ్తర్లు కూడా వంశపారంపర్యమే. దఫ్తర్-ఎ-దివానీ రాయ్ రాయాన్ కుటుంబానిది, దఫ్తర్-ఎ-మాల్ మాల్వాలా కుటుంబానిది. రికార్డు మీద పట్టు వాళ్లది. దివాను కూడా వాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

మా గోడౌన్ గుర్తొచ్చిందా? నాకైతే వెంటనే గుర్తొచ్చింది.

ఈ యువకుడు దొంగల్ని పట్టుకోవడంతో మొదలుపెట్టలేదు. నాకు నచ్చింది అదే. దివాను కాకముందు కొన్నాళ్లు ఖమ్మంలో తాలూక్దారుగా చేసినవాడు కాబట్టి వ్యవహారం కింద నుంచి చూసి వచ్చాడు. అప్పులవాళ్లతో కూర్చుని, లెక్కలు తేల్చి, చేయిజారిన తాలూకాలను ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకున్నాడు. ఏళ్లు పట్టింది. తెచ్చిన చోటల్లా కాంట్రాక్టరును తీసేసి జీతగాణ్ణి పెట్టాడు. తేడా చూడండి: కాంట్రాక్టరుకు లెక్క దాచుకుంటేనే లాభం. జీతగాడికి దాచుకున్నా జీతం పెరగదు, పైగా లెక్క పంపకపోతే పైవాడు అడుగుతాడు. దఫ్తర్‌దార్ల పలుకుబడి కూడా మెల్లగా తగ్గించాడు. ఊరికో రకం నాణెం చెలామణి అవుతుంటే లెక్క ఎలా కుదురుతుంది? అందుకే నగరంలో సర్కారు టంకశాల పెట్టి హాలీ సిక్కా తెచ్చాడు.

1864లో రెవెన్యూ బోర్డు వచ్చింది. 1865లో జిలాబందీ: రాజ్యాన్ని జిల్లాలుగా కట్టి, జిల్లాకు అవ్వల్ తాలూక్దారును, తాలూకాకు తహసీల్దారును పెట్టాడు. మీ కుల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే తహసీల్దార్ పదం మన దగ్గర ఇంతగా నాటుకుంది అప్పుడే. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలు అని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక సద్రుల్ మహామ్‌ను నియమించాడు. అంటే ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో చెప్పగలిగే ఏర్పాటు.

ఇంకో విచిత్రం. అప్పటి నిజాం అఫ్జలుద్దౌలాకు ఈయనంటే అనుమానం. అనుమతి లేకుండా దివాను ఊరు దాటడానికి లేదు. అన్ని జిల్లాలు కట్టినవాడు తిరిగి చూసుకోలేని పరిస్థితి. కాగితం మీద అంత పట్టు పట్టడానికి అది కూడా ఒక కారణమని నా ఊహ. ఈ పని వల్ల నష్టపోయినవాళ్లు ఊరుకుంటారా? ఆయన మీద రెండుసార్లు, 1859లో, మళ్లీ 1868లో, హత్యాయత్నాలు జరిగాయి. ఎవరు ఎందుకు చేశారన్నదాంట్లో రాజకీయం కూడా ఉంది, 1857లో ఆయన ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడు కదా. ఆ విషయంలో ఆయన్ని నేను వెనకేసుకుని రాను.

1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయాడు. ఏం మిగిలిపోయింది మరి?

ఒకటి, మనుషులు. కొత్త ఆఫీసులకు చదువుకున్నవాళ్లు కావాలని ఉత్తర హిందుస్తాన్ నుంచి చాలామందిని రప్పించాడు. పని నడిచింది. కానీ "మా ఊళ్లో కొలువులు మాకేవి?" అనే ముల్కీ ప్రశ్న అక్కడే బలపడింది. 1919 ఫర్మానా, 1952, 1969... అది వేరే ఎపిసోడ్ అంత కథ.

రెండు, సరిహద్దు. ఈ మార్పులన్నీ దివానీ ప్రాంతంలోనే. జాగీర్లు, పాయిగాలు, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ బయటే ఉన్నాయి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్‌దే. అంటే దివాను ఇంటికి దగ్గరున్న ఊళ్లే ఆయన చేతికి దూరం. అవి మామూలు పాలనలో కలిసింది 1949లో.

మూడోది అన్నిటికంటే పెద్దది: ఊరు. పైన దఫ్తర్లు మారాయి గానీ ఊళ్లో మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ అలాగే ఉండిపోయారు, తండ్రి తర్వాత కొడుకు. పైన కచేరీలో ఫారసీ, ఊళ్లో పట్వారీ లెక్క తెలుగులో. మధ్యలో రైతుకు ఏదీ అర్థం కాదు. పహాణీ పట్వారీ ఇంట్లో ఉంటుంది. ఏ గళ్లో ఎవరి పేరు రాశాడో రాసినాయనకే తెలియాలి. జిల్లాలు కట్టిన 1865 నుంచి లెక్కేసినా నూట పద్దెనిమిదేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో పటేల్ పట్వారీ, మునసబు కరణం పదవులు రద్దు చేసింది. ఒక్క కలంపోటుతో పదవులు పోయాయి గానీ, పుస్తకాలు చేతికి రావడం అంత సులువుగా జరగలేదు.

ఆ తర్వాత మండలాలు వచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో తెలంగాణలో వీఆర్వోలను రద్దు చేసి రికార్డులు తీసుకున్నారు. అక్టోబర్‌లో ధరణి, 2025లో భూభారతి. పుస్తకం ఇప్పుడు సర్వర్‌లో ఉంది.

మొన్న మా తహసీల్ ఆఫీసుకు పోయాను, ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం. బెంచీ మీద ఒక పెద్దాయన, చేతిలో ప్లాస్టిక్ కవర్లో 1954-55 ఖాస్రా పహాణీ జిరాక్సు. కంప్యూటర్‌లో సర్వే నంబరు ఉంది, ఆయన తండ్రి పేరు లేదు. ఆపరేటర్ పిల్లాడు మర్యాదగానే చెప్పాడు: "తాతా, సిస్టమ్‌లో ఇంతే ఉంది." పెద్దాయన మానిటర్‌ను తన వైపు కొంచెం తిప్పమని అడిగాడు. పిల్లాడు అటూ ఇటూ చూసి, తిప్పాడు.