వార్తకు సాక్షులు

పెనుకొండ బాబయ్య దర్గా యాత్రికుల చేతను, ధర్మవరపు మగ్గముల చెంతను, హిందూపురపు అంగళ్లలోను నేడు సెల్‌ఫోను కలదు. దాని వెంట వదంతియు వచ్చినది. పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చిరన్న పుకారు 2018లో దేశమున పలువురిని బలిగొనగా, ఆ జులైలో వాట్సాపువారు ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి.

ఇట్టి చిక్కును ఇస్లాము పండితులు వేయేండ్లకు పూర్వమే ఎదుర్కొనిరి. ప్రవక్త పేర చెలామణియైన మాటలకు లెక్కలేదు. 870లో గతించిన బుఖారీ ఇమాము ఆరు లక్షలు పరిశీలించి, ఏడువేల పైచిలుకు మాత్రమే గ్రహించిరని ప్రతీతి. ఎవరు చెప్పిరి, వారికెవరు చెప్పిరి అని సాక్షుల వరుసనంతయు విచారించుటయే ఇస్నాద్. నడుమ ఒక్క కొలికి తెగినను మాట బలహీనమే. వార్తను విచారించి నమ్ముడని ఖురాను 49వ అధ్యాయము ఆదేశించును. ఆ గ్రంథమును తెనిగించిన చిలుకూరి నారాయణరావుగారు మన అనంతపురపు కళాశాలలో అధ్యాపకులే.

సందేశము పంపినవారు బంధువులే కావచ్చును, వారికి పంపినదెవరు?