ఓడ దిగిన తర్వాత

మా కొత్వాల్‌గూడ మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి. ఆరేళ్లు గల్ఫ్‌లో ఇంటిపని చేసి మా పొరుగింటి అక్క శంషాబాద్‌లో దిగిన రోజు అందరూ అడిగింది ఒకటే: "ఏం తెచ్చినవ్?" ఆ రాత్రి ఆమె మా అరుగు మీద కూచుని, "ఆడ నన్ను పేరు వెట్టి పిలిచినోళ్లు లేరు చెల్లె. ఎయిర్‌పోర్టుల మా అవ్వ పిలిస్తే ఇంకెవర్నో అనుకున్న" అంది.

స్త్రీల ప్రయాణాల చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. గడప దాటడం గురించి మనం చాలా రాసుకున్నాం. దిగడం గురించి ఎంత రాసుకున్నాం?

2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ని చుట్టి, సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవాలో దిగారు. స్వాగతం పలకడానికి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ వచ్చారు. ఆరు పేర్లూ దేశమంతా వింది.

తిరుగుదారిలో స్టీరింగ్‌లో లోపం వచ్చి తారిణి మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగింది. నన్ను నిలేసింది ఆ రేవే. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది ఒప్పంద కూలీలు దిగింది అక్కడే. వాళ్లు ఎక్కిన రాతిమెట్లు 'ఆప్రవాసీ ఘాట్'లో ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి తెరచాప ఓడల్లో వెళ్లిన మనవాళ్లను అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఎక్కిన రేవు పేరే వాళ్ల జాతి పేరయింది.

దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. స్త్రీలలో చాలామందిని ఆ పైన ఎవరో ఒకరి భార్యగా రాసుకున్నారు. పొలంలో, ఇంట్లో వాళ్లు చేసిన చాకిరీ ఆ 'భార్య' అన్న మాట వెనకాలే ఉండిపోయింది. మెరీనా కార్టర్ 'లక్ష్మీస్ లెగసీ' (1994)లో ఆ స్త్రీల అర్జీలనూ వాంగ్మూలాలనూ వెతికి తీసేదాకా, వాళ్లు మాట్లాడారన్న సంగతే చరిత్రకు పట్టలేదు.

తారిణి స్త్రీలను తక్కువ చెయ్యడానికి ఇదంతా రాయడం లేదు. వాళ్ల విజయం మనందరిదీ. కాని వాళ్లను 'నారీశక్తి' అని పొగిడిందీ రాజ్యమే, కోరంగి స్త్రీకి నంబరిచ్చిందీ రాజ్యమే. పాలకులు మారారు, నిజమే. దిగిన స్త్రీ ఎవరో చెప్పే అధికారం మాత్రం ఇప్పటికీ రేవులో నిలబడ్డవాళ్ల దగ్గరే ఉంది. ఆమె తన గురించి తాను చెప్పుకునే మాట వినే తీరిక ఎవరికుంది?

ఇప్పుడు సాయంత్రాలు అక్క చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. మొదటి పేజీలో ఆమె తన పేరు తానే రాసింది. ఇక్కడ వెయ్యొద్దంది, వెయ్యడం లేదు. చెప్పాలో వద్దో తేల్చుకోవడం కూడా ఆమె హక్కే కదా.