శాసన తేదీల వరుసలో రకానికి ఉన్న స్థానం: ఉదయగిరి, ఆత్మకూరు శాసనాలు – క్లోజర్ భాషలో మెథడ్ ఎంపిక

వ్యాససంగ్రహం

పశ్చిమ నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చారిత్రక ఆధారాల్లో ఒకటికంటే ఎక్కువ కాలగణన పద్ధతులు కనిపిస్తాయి. వాటిని కంప్యూటర్‌లో ఒకే వరుసగా పేర్చినప్పుడు, ఏ సంఖ్యకు ఏ గణన వర్తిస్తుందో నిర్ణయించే ఆధారం చెరిగిపోయే ప్రమాదం ఉంది. విలువ రకాన్ని బట్టి మెథడ్‌ను ఎంచుకునే విధానం ప్రోగ్రామింగ్ భాషల్లో ఎలా రూపుదిద్దుకుందో, అర్రేల విషయంలో దానికి ఎదురైన చిక్కు ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నెల్లూరు శాసనాలు, శకవర్షం, హిజ్రీ, ఫసలీ, అర్రే, డిస్పాచ్, క్లోజర్.

1. ఉపోద్ఘాతం

అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మద్రాసు నుంచి మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. వీటి కూర్పు తాలూకాలవారీగా సాగింది. అందువల్ల చరిత్ర రచనల్లో ‘ఆత్మకూరు’ అనో ‘ఉదయగిరి’ అనో తాలూకా పేరు చెప్పి, పక్కన వరుస సంఖ్యను ఇవ్వడం ఆనవాయితీ అయింది. పేరు, వరుస సంఖ్య అనే రెండింటితో ఒక అంశాన్ని చేరుకొనే ఈ ఏర్పాటును ప్రోగ్రామింగ్ పరిభాషలో అర్రే అంటారు.

వరుస సంఖ్య ఒక శాసనం ఎక్కడుందో చెబుతుంది. అది ఎటువంటిదో చెప్పదు. ఉదయగిరి దుర్గం విజయనగర పాలకుల చేతి నుంచి గజపతుల చేతికి పోయింది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దానిని ప్రతాపరుద్ర గజపతి నుంచి తిరిగి గెలుచుకున్నాడు. తరువాతి కాలంలో గోల్కొండ ప్రాబల్యం వచ్చింది. కొండమీది మసీదులో పారశీక శాసనాలున్నాయి. ఆంగ్లేయుల కాలంలో రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరాల్లో నడిచాయి. పాలనలో వచ్చిన మార్పులతో ఏడును లెక్కించే తీరులోనూ మార్పులు వచ్చాయి.

2. ఒకే సంఖ్య, వేరు వేరు కాలాలు

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. శక 1436, భావ సంవత్సరం 1514–15 అవుతుంది. శకవర్షం చెరిగిపోయి ‘భావ’ అనే పేరొక్కటే మిగిలితే ఫలితం ఒక సంఖ్య కాదు. అరవై ఏళ్ల చక్రం వల్ల అది 1454, 1514, 1574 వంటి అనేక అవకాశాల జాబితా అవుతుంది. హిజ్రీ చాంద్రమానం, దాని ఏడాదికి సుమారు 354 రోజులే కనుక ఒక స్థిరసంఖ్యను కలపడంతో పని జరగదు. ఫసలీకి 590 కలపాలి. మద్రాసు ప్రాంతంలో అది జూలైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1300 అంటే 1890–91.

ఈ భేదం స్వల్పమైనది కాదు. అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుంచి 1672 వరకు పాలించాడు. ఆ కాలపు హిజ్రీ వర్షాలు సుమారు 1035 నుంచి 1082 వరకు ఉంటాయి. వీటిని శకవర్షాలుగా భావించి 78 కలిపితే ఆ ఆధారాలన్నీ 12వ శతాబ్దికి, అంటే గోల్కొండ సుల్తానుల రాజ్యమే పుట్టని కాలానికి వెళ్లిపోతాయి. కూడిక సరైనదే, దానిని ప్రయోగించిన వస్తువు వేరు.

3. రకాన్ని బట్టి మెథడ్: ఒక చారిత్రక రేఖ

పేరొకటే అయినా, ఇచ్చిన విలువ రకాన్ని బట్టి వేర్వేరు మెథడ్‌లలో తగినదానిని ఎంచుకోవడమే డిస్పాచ్. ‘క్రీస్తుశకానికి మార్చు’ అన్న ఒకే ఆదేశం శకవర్షానికి ఒక విధంగా, హిజ్రీకి మరో విధంగా పనిచేయడం ఇటువంటిదే.

కెనెత్ ఐవర్సన్ 1962లో ప్రకటించిన ఏపీఎల్ సంకేతపద్ధతి మొత్తం అర్రేపై ఒక్కసారిగా పనిచేసే ప్రక్రియలకు ప్రాధాన్యమిచ్చింది. 1967లో క్రిస్టఫర్ స్ట్రాచీ కోపెన్‌హాగెన్ ఉపన్యాసాల్లో రెండు రకాల బహురూపతను వేరుచేశాడు: అన్ని రకాలకూ ఒకే తీరున పనిచేసేది ఒకటి, రకాన్ని బట్టి పని మారేది మరొకటి. ఈ రెండవదానికి ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో టైప్ క్లాసుల ద్వారా క్రమబద్ధమైన రూపమిచ్చారు. హాస్కెల్ భాష దానిని స్వీకరించింది.

4. క్లోజర్‌లో అర్రే చిక్కు

రిచ్ హికీ 2007లో విడుదల చేసిన క్లోజర్ ఫంక్షనల్ భాష. అది జావా యంత్రంపై నడుస్తుంది. అందులో డిస్పాచ్‌కు రెండు ప్రధాన మార్గాలున్నాయి. మల్టీమెథడ్‌లో ఏ ఆధారంపై ఎంచుకోవాలో ప్రోగ్రామరే ఒక ఫంక్షన్‌గా చెబుతాడు. 2010లో చేరిన ప్రోటోకాల్ మొదటి విలువ తరగతిని మాత్రమే చూస్తుంది.

క్లోజర్ సొంత వెక్టర్ తన మూలకాల రకాన్ని తరగతిలో నమోదు చేయదు. లోపల శకవర్షాలున్నా హిజ్రీలున్నా అది వెక్టరే. జావా అర్రే అలా కాదు. పూర్ణాంకాల అర్రే, పదాల అర్రే వేర్వేరు తరగతులు. జావా నియమం ప్రకారం పదాల అర్రేను ‘ఆబ్జెక్ట్’ల అర్రేగా స్వీకరించవచ్చు, పూర్ణాంకాల అర్రేను స్వీకరించకూడదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆబ్జెక్ట్ అర్రేకు ఒక మెథడ్ రాసి, పదాల అర్రేను పంపితే మల్టీమెథడ్ దానిని అంగీకరిస్తుంది. స్వీకార్యత ఉందా లేదా అన్నదే దాని పరీక్ష. ప్రోటోకాల్ మాత్రం మాతృతరగతుల వరుసను వెదుకుతుంది. పదాల అర్రేకు మాతృతరగతిగా నమోదైనది ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ అర్రే కాదు. అందువల్ల ఆ మెథడ్ దొరకదు. ఒకే వస్తువును రెండు మార్గాలు రెండు విధాలుగా గుర్తిస్తున్నాయి. అర్రే తరగతిని పేర్కొనడం కూడా చాలాకాలం క్లిష్టంగానే ఉండేది; 2024లో వచ్చిన 1.12 సంచికలో దానికి సరళమైన రాత ఏర్పడింది.

5. శాసనాలకు అన్వయం

పై పరిశీలన నుంచి రెండు విషయాలు తేలుతాయి. తేదీలను పూర్ణాంకాల అర్రేగా నిల్వచేస్తే డిస్పాచ్‌కు కనిపించేది ‘పూర్ణాంకాలు’ అన్నదొక్కటే. గణనభేదం అప్పటికే పోయి ఉంటుంది. తరువాత ఎంత చక్కని మెథడ్ రాసినా పోయిన సమాచారం తిరిగి రాదు. రెండవది, వరుస మొత్తానికి ఒకే రకాన్ని ఆపాదించి మెథడ్ ఎంచుకోవడం కూడా చాలదు. ఉదయగిరి తేదీలను ఒక పెట్టెలో, ఆత్మకూరు తేదీలను మరో పెట్టెలో పెడితే పెట్టె పేరు తాలూకాను చెబుతుంది కానీ గణనను చెప్పదు.

కాబట్టి శక, హిజ్రీ, ఫసలీ, సంవత్సరనామం – ఒక్కొక్కదానికి ప్రత్యేక రికార్డు తరగతి ఉండాలి. డిస్పాచ్ మూలకం స్థాయిలో జరగాలి. ఫలితం కూడా ఒక్క సంఖ్యగా కాక, సాధ్యమైన సంవత్సరాల వరుసగా రావాలి. అప్పుడే ‘భావ’ అన్న ఒక్క పేరున్న శాసనాన్ని 1514కే కట్టిపడేసే తొందరపాటుకు తావుండదు.

6. ముగింపు

1905 నాటి సంకలనం స్థలాన్ని ప్రమాణంగా తీసుకున్నా, అచ్చులో శాసనపాఠం పక్కనే ఉండేది. ‘శకవర్షంబులు’ అన్న మాటను చదివి గణనను గుర్తించడం పండితుని పని. అదే తేదీ పట్టికలోకి ఎక్కితే ఆ మాట రాలిపోయి సంఖ్య మిగులుతుంది. రకం అన్నది ప్రోగ్రామర్ సౌకర్యం కోసం తగిలించిన చీటీ కాదు. శాసనం తన కాలం గురించి చెప్పుకున్న సాక్ష్యంలో అది ఒక భాగం. పశ్చిమ నెల్లూరు శాసనాలను డిజిటల్ రూపంలోకి తెచ్చే పరిశోధకులు సంఖ్యతోపాటు ఆ సాక్ష్యాన్నీ నమోదు చేయవలసి ఉంది.