ఇంటికొచ్చిన చదువు ఎవరిది?

మా జిల్లా ముస్లిముల చరిత్ర రాసేవాళ్లు కోటల దగ్గర మొదలుపెడతారు. గుర్రంకొండ కోట గురించి రాస్తారు. 1782లో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదరాలీ కన్నుమూశాడని రాస్తారు. ఆ కోటకి రాళ్లు మోసినవాళ్ల మనవలు ఎక్కడ చదువుకున్నారో ఎవరూ రాయరు. మేము నవాబుల వారసులం కాము. మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు, పలమనేరు వీధుల్లో పంక్చర్లు వేసేవాళ్లం, మిషన్ కుట్టేవాళ్లం, బండి మీద పళ్లమ్మేవాళ్లం, దూదేకిన ఇళ్లవాళ్లం. మా చరిత్ర బడి గడప దగ్గర మొదలవ్వాలి.

ముస్లిములంటే హైదరాబాదే అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. 1918లో ఉర్దూలో పాఠాలు చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మేము నిజాం ప్రజలం కాము. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. మాకు దగ్గరి కాలేజీ 1915లో మదనపల్లెలో అనిబిసెంట్ పేరుతో వచ్చింది. 1919లో సరిహద్దు అవతల వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ, 1947లో కర్నూల్లో ఉస్మానియా కాలేజీ, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాయి. కాలేజీలు వచ్చాయి సరే, అక్కడిదాకా పోవడానికి బస్సు చార్జీ కావాలి, హాస్టలు ఖర్చు కావాలి, ఇంట్లో అనుమతి కావాలి. మగపిల్లాడు పదో తరగతి తప్పగానే షెడ్డులోకి పోయాడు. ఆడపిల్ల పాసయినా వంటింట్లోకి పోయింది.

అప్పుడు చదువే ఇంటికొస్తానంది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టులో పాఠాలు పంపడం మొదలెట్టింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ముందు దూరవిద్యతోనే మొదలైంది. పగలు కొట్లో కూచుని రాత్రి పుస్తకం తీసినవాళ్లు, నిఖా అయి ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీ రాసిన ఆపాలు ఆ తలుపులోంచే బయటికొచ్చారు. ఆ మేలు మేము మరిచిపోం. కానీ 'ఇంట్లో ఉండి చదువుకోవచ్చు' అనే మాట ఎంత తొందరగా 'చదివితే చదువు, ఇంట్లోనే ఉండు' అయిందో కూడా మేము చూశాం.

2020 మార్చి 25న దేశమంతా తాళం పడింది. ఈసారి కాలేజీలో చదివేవాళ్లకీ ఇల్లే కాలేజీ అయింది. పాఠం ఫోన్లోకొచ్చింది. మరి ఫోన్ ఎవరి చేతిలో ఉంది? 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్క చూడండి. దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు పల్లెల్లో నూటికి 15, పట్నాల్లో 42. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పల్లెల్లో నూటికి 4, పట్నాల్లో 23. మా మొహల్లాల్లో చాలా ఇళ్లకి ఒకటే ఫోను, అది అబ్బాజాన్‌ది. ఆయన బయటికి పోతే క్లాసు కూడా ఆయన జేబులోనే పోయేది. తిరిగొచ్చాక ముందు అన్నకి, తరవాత తమ్ముడికి, మిగిలితే చెల్లెలికి. ఒకే గది ఇంట్లో అమ్మీ మిషన్ చప్పుడు మధ్య, దాదీ దగ్గు మధ్య ఎకనామిక్స్ వినాలి. సిగ్నల్ కోసం మిద్దెక్కితే ఆడపిల్ల మిద్దె మీద ఎవరితో మాట్లాడుతోందని వీధి మొత్తం అడిగేది.

భాష సంగతి మరొకటి. మా నాలుక మీద దక్కనీ ఉంది. దూదేకుల ఇళ్లలో తెలుగే అమ్మ భాష. తెర మీద పాఠం ఇంగ్లీషులో పరిగెత్తింది. క్లాసులో అర్థం కాకపోతే పక్క బెంచీవాడి మోచెయ్యి తట్టి అడిగేవాళ్లం. ఫోన్లో ఎవర్ని తట్టాలి? 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చట్టం చేసింది. ఆ హోదా మా పిల్లల తెర మీద పాఠంగా ఇంకా దిగాలి.

ఇవి బీదవాళ్లందరి కష్టాలే కదా అంటారు మా సెక్యులర్ మిత్రులు. నిజమే. దళితుల ఇళ్లలోనూ ఒకటే ఫోను. కానీ మా ఫోన్లోకి ఇంకొకటి కూడా వచ్చింది. 2020 మార్చి ఆఖర్లో నిజాముద్దీన్ మర్కజ్ వార్త రాగానే రోగానికి మా మతం పేరు పెట్టారు. పొద్దున నోట్సు వచ్చిన వాట్సాప్‌లోనే సాయంత్రం మా మీద విషం వచ్చేది. క్లాసులో కూచుంటే ముందు మనిషి కనబడతాడు, తరవాత పేరు తెలుస్తుంది. తెర మీద మనిషి లేడు. నల్ల గడిలో తెల్లక్షరాలతో షేక్, సయ్యద్, పఠాన్, అంతే. ఆ పేరుతో డౌటు అడగడానికి నోరు పెగలని పిల్లలున్నారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీలని బలిపశువుల్ని చేసినట్టుందని చెప్పి వాళ్ల మీది కేసులు కొట్టేసింది. ఆ తీర్పును ఎన్ని క్లాసు గ్రూపులు పంచుకున్నాయి?

మా ఇళ్ల తప్పూ చెప్పుకోవాలి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక ముస్లిం విద్యార్థిని వేసిన కేసులో తీర్పిచ్చింది. లేడీస్ హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పదిదాకా ఫోన్ వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు ఆమెను హాస్టలు నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని కోర్టు చెప్పింది. కాలేజీ మీద గెలిచిన ఆ హక్కు మా గడప లోపల కూడా చెల్లాలి కదా? చెల్లెలి చేతిలోంచి ఫోన్ లాక్కునే అన్నని ఏ కోర్టు ఆపాలి?

తెర మీది చదువు వద్దని మేము అనం. మద్రాసు ఐఐటీ అయ్యవార్ల పాఠాలు పైసా ఖర్చు లేకుండా కలికిరిలో మెకానిక్ కూతురు వినగలగడం చిన్న సంగతి కాదు. కెమెరా కట్టేసి, ఎవరి చూపూ పడకుండా చదువుకోవడంలో ఊరట దొరికిన బురఖా పిల్లలూ ఉన్నారు. కానీ 2020 నవంబరు 2న రాష్ట్రంలో కాలేజీలు తెరవడం మొదలైనప్పుడు మా పిల్లలందరూ బెంచీకి తిరిగి రాలేదు. కొందరు షెడ్డుల్లో ఉండిపోయారు. కొందరికి నిఖా అయిపోయింది. ఇంట్లోనే పాఠం వస్తోందిగా, కాలేజీ ఎందుకు అన్న మాటకి ఒకసారి అలవాటుపడిన ఇల్లు మళ్లీ పంపడానికి వెనకాడింది.

కాలేజీ అంటే పాఠం ఒక్కటే కాదు. పండగ మర్నాడు షీర్‌ఖుర్మా డబ్బా పక్క బెంచీకి పంచే చోటు అది. రెడ్డిగారి అబ్బాయి, మాల పిల్ల, దూదేకుల పిల్లాడు ఒకే బల్ల మీద మోచేతులు ఆనించే చోటు అది. అక్కడ మమ్మల్ని చూసినవాడు ఫోన్లో వచ్చిన అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మడు. అందుకే మాకు రెండూ కావాలి. ప్రతి విద్యార్థికీ, ముఖ్యంగా ప్రతి ఆడపిల్లకీ, తనదైన ఫోను కావాలి, అర్థమయ్యే భాషలో పాఠం కావాలి. దాంతోపాటు బస్సు పాసు కావాలి, హాస్టల్లో మంచం కావాలి, బెంచీ మీద చోటు కావాలి.

మిద్దెల మీద పాఠం విన్న ఆ రెండేళ్ల కథ ఏ మొహల్లాకి ఆ మొహల్లా రాసిపెట్టుకోవాలి. కోటల చరిత్ర రాసేవాళ్లు దాన్ని రాయరు.