కన్నం వేసినవాడు ఒకడు, దొంగ ముద్ర కులమంతటికీ



శూద్రకుని మృచ్ఛకటికంలో చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే శర్విలకుడు బ్రాహ్మణుడు. గోడ కొలవడానికి జంధ్యాన్నే కొలతాడుగా వాడుకుంటాడు. క్లాసులో ఈ ఘట్టం చెబితే పిల్లలు నవ్వుతారు. అప్పుడు నేనొక ప్రశ్న వేస్తాను. ఈ నాటకం చదివి ఎవరైనా బ్రాహ్మణులంతా పుట్టుదొంగలని చట్టం చేశారా? చేయలేదు. శర్విలకుడి దొంగతనం శర్విలకుడిదే. అదే పని ఒక ఎరుకల మనిషి చేశాడని అనుమానం వస్తే చాలు, అది ఎరుకల కులమంతటి నేరమైపోయింది. దీన్ని ఏ పురాణమో చెప్పలేదు. గెజిట్ నోటిఫికేషన్లు చెప్పాయి.

ఆ చరిత్రను మన అనంతపురం నేల మీద నిలబడి చూద్దాం. ఎరుకల వాళ్ళు, తమిళ, కన్నడ ప్రాంతాల్లో కొరవలు, ఒకప్పుడు ఉప్పు వ్యాపారులు. ఎద్దుల మీద, గాడిదల మీద తీరప్రాంతం ఉప్పును లోపలి పల్లెలకు మోసుకొచ్చేవాళ్ళు. బదులుగా ధాన్యం తీసుకునేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. మూడు దెబ్బలు ఈ బతుకును విరిచేశాయి. గుత్తి, గుంతకల్లు మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలు మార్గం 1871లో పూర్తయింది. ఉప్పు రైలెక్కింది, ఎద్దు ఖాళీగా మిగిలింది. 1876–78 కరువు సీమను ఊడ్చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం వెదురుకూ మేతకూ అడ్డుకట్ట వేసింది. తిరిగితేనే తిండి దొరికే మనుషులకు తిరగడానికి కారణం లేకుండా చేసి, "ఎందుకు తిరుగుతున్నావు?" అని నిలదీశారు.

రైలు మార్గం పూర్తయిన 1871లోనే ఉత్తరాదిన నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని విస్తరించాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఈ చట్టం ఎలా పనిచేసిందో విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ప్రభుత్వం ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనడానికి వీల్లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకుంటారు. హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. చట్టం పేర్కొన్న నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గదు, మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరం. అదే నేరం చేసిన వేరే కులం వాడికి ఈ లెక్క లేదు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఈ చట్టం నీడలోనే వెలిశాయి. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ ఊరికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. సినిమాలు మాత్రం ఆ ఊరిని గజదొంగల ఊరుగానే మనకు చూపించాయి. అది ఒక చట్టం కట్టిన ఊరని చెప్పలేదు.

నెల్లూరు ప్రాంతపు వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు ఈ చట్టం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రం 1947లో దాన్ని రద్దు చేసింది. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసు తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. కానీ మద్రాసులో పాత చట్టం పోయిన మరుసటి ఏడే, 1948లో, అలవాటు నేరస్థుల చట్టం వచ్చి కూర్చుంది. జాతి పేరు తీసేశారు, అనుమానాన్ని అట్టే పెట్టుకున్నారు. అంబేద్కర్ 1948లో వెలువడిన తన గ్రంథం ముందుమాటలో నేరస్థ జాతులను, ఆదివాసులను, అంటరానివారిని ఒకే వరుసలో నిలబెట్టి, ఇది ఏం నాగరికత అని హిందూ సమాజాన్ని నిలదీశాడు. విముక్త జాతుల ప్రశ్న దళితులకు పరాయి ప్రశ్న కాదు.

ఇక ఈనాటి సంగతి. ఏ వీధిలో ఇల్లు దోచినా పాత పేర్లున్న పేటకే ముందు జీపు వస్తుందని మా విద్యార్థులే చెబుతారు. అలాంటి పేట నుంచి వచ్చిన ఒక పిల్లవాడు పరీక్షల ముందు పది రోజులు కాలేజీకి రాలేదు. వాళ్ళ చిన్నాయన్ని ఒక దొంగతనం కేసులో పట్టుకుపోయారట. ఇంట్లో అందరూ అతనికి ఇచ్చిన సలహా ఒక్కటే: "ఒప్పేసుకో, తొందరగా బయటపడతావు."

ఈ సలహా ఎంత ప్రమాదమో చూడండి. ఇంటి కన్నం నేరానికి భారతీయ న్యాయ సంహితలో 330, 331 సెక్షన్లున్నాయి, పాత ఐపీసీలో 445, 457 లాంటి సెక్షన్లలో ఉన్నవే. రాత్రి అంటే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా. రాత్రిపూట దొంగతనం కోసం ఇల్లు పగలగొడితే పద్నాలుగేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. మూడేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడగల ఆస్తి నేరంలో ఒకసారి దోషిగా తేలినవాడు మళ్ళీ అలాంటి నేరంలోనే దోషి అయితే, 13వ సెక్షన్ కింద శిక్ష పదేళ్ళకో, జీవిత ఖైదుకో పోవచ్చు. ఈరోజు "తొందరగా బయటపడటానికి" ఒప్పుకున్న కేసు రేపటి కేసుకు మెట్టవుతుంది.

అందుకే వకీలు కావాలి. ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సినవి చాలా ఉన్నాయి. దొంగతనం జరిగిందన్నది ఒకటి, ఈ మనిషే చేశాడన్నది మరొకటి. ఇంట్లోకి దూరాడా, ఎలా దూరాడు, ఏ ఉద్దేశంతో దూరాడు? పోలీసు దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. ఆ మాట వల్ల వస్తువు దొరికితే, దొరకడానికి సంబంధించినంత వరకే పనికొస్తుంది. దొరికిన వస్తువు పోయిన వస్తువేనా, పంచనామా సాక్షులు నిజంగా అక్కడున్నారా, దొంగతనానికీ దొరకడానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి? ఈ ప్రశ్నలు నిందితుడు తనంతట తాను అడగలేడు. అడగడం వకీలు పని.

అడగకపోతే ఏమవుతుంది? మహారాష్ట్రలో 2003 నాటి దోపిడీ, హత్యల కేసులో సంచార జాతులకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు ఉరిశిక్ష ఖాయం చేసింది. అదే కోర్టు 2019లో వాళ్ళు నిర్దోషులని తేల్చి, ఒక్కొక్కరికి ఐదు లక్షల పరిహారం ఇమ్మంది. పోయిన ఏళ్ళకు ఆ ఐదు లక్షలు ఏ మూలకు?

వకీలుకు డబ్బెక్కడిది అంటారా? 1987 న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఏ కులం మనిషికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. నిందితుడు అడగలేదన్న సాకుతో ఆ సాయం ఎగ్గొట్టడానికి వీల్లేదని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 15100కు ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టులోని న్యాయ సేవా సంస్థకు నేరుగా పోవచ్చు. అరెస్టుకు కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలపాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. గడువులోగా చార్జిషీటు రాకపోతే బెయిలు అడిగే హక్కు పుడుతుంది.

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూసే రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. తీర్పు వచ్చింది కదా అని అనుమానం తనంతట తాను పోదు. దాన్ని ప్రతి స్టేషనులో, ప్రతి రిమాండు రోజున ఎవరో ఒకరు గుర్తు చేయాలి.

లా చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పేట నుంచి ఎవరినైనా పట్టుకుపోతే ముందు "వాడు చేశాడా?" అని అడక్కండి. "వకీలు ఉన్నాడా?" అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు కోర్టులో తేలాలంటే రెండో ప్రశ్నకు జవాబు ఈరోజే దొరకాలి.

వచ్చే వారం సెటిల్‌మెంట్ల లోపలి బతుకు గురించి.

జై భీమ్.