వేసవిలోనూ వంటింటికి పచ్చని ఆకు

వేసవి ముదిరేకొద్దీ సంతలో కొత్తిమీర కట్ట సన్నబడుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. ఏప్రిల్‌, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో, నీటి ఎద్దడికి జడిసి పెరటి మడులను ఎండబెట్టడం పరిపాటి. అయితే ఈ కాలంలో ఆకు మొక్కలను ఎక్కువగా దెబ్బతీసేది మధ్యాహ్నపు ఎండే. దాని నుంచి కాపాడుకోగలిగితే రోజుకు రెండు, మూడు చెంబుల నీటితోనే ఇంటి అవసరం తీరుతుంది.

చోటు, మట్టి: ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నానికి నీడ పడే తూర్పు గోడ వార అనువైనది. అలాంటి చోటు లేకుంటే కొబ్బరి మట్టలతో పందిరి వేసుకోవాలి. డాబాపై పెంచేవారు 50 శాతం నీడనిచ్చే వల కట్టుకోవచ్చు. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి కుండీలు నింపాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

కొత్తిమీర: ఇంట్లోని ధనియాలనే విత్తుకోవచ్చు. బద్దలుగా విడిపోయేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లాలి. మొలకకు 8 నుంచి 15 రోజులు పడుతుంది. తల్లివేరు మొక్క కనుక నారు పీకి నాటితే నిలదొక్కుకోదు. వేడికి త్వరగా పూతకు వస్తుంది. పూత కాడ లేస్తే ఆకు దారంలా సన్నబడి, సువాసన మారుతుంది. జానెడు ఎత్తులోనే కోసుకుని, 15 రోజులకోసారి కొత్తగా విత్తుకుంటే కొరత ఉండదు.

మెంతికూర: ధనియాలు మొలవని ఇళ్లకు ఇదే భరోసా. వారంలోపే మొలిచి, 20 నుంచి 25 రోజుల్లో కోతకు వస్తుంది.

పుదీనా: సంతలో కొన్న కట్టలోని ముదురు కాడలు చాలు. కింది ఆకులు తీసి, కణుపు మట్టిలో ఉండేలా నాటాలి. వేర్లు పాకి పక్క మొక్కలను కమ్మేస్తుంది కాబట్టి వేరే కుండీ కేటాయించాలి.

కరివేపాకు: వేరూనిన మొక్క ఎండకు తట్టుకుంటుంది. కొమ్మల చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. ఆకులు తినే గొంగళిపురుగులను చేత్తో ఏరేయాలి.

నీరు: ఉదయం 8 గంటలలోపు, సాయంత్రం పొద్దు వాలాక పోయాలి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు వాడుకోవచ్చు. సబ్బు నీరు, ఉప్పు కలిసిన నీరు పోయరాదు. వేరుశనగ పొట్టు, ఎండుటాకులు మొదళ్ల చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది. వేలు అంగుళం లోతుకు దింపినప్పుడు తడి తగిలితే ఆ పూటకు నీరు అక్కరలేదు. మధ్యాహ్నం ఆకులు వాడి, సాయంత్రానికి తేరుకుంటే కంగారుపడి నీరు పోయరాదు. మట్టి తడిసి ఉండగానే మళ్లీ మళ్లీ పోస్తే వేరు కుళ్లుతుంది.

పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. కొన్ని రోజులు ఆగి, శుభ్రంగా కడిగాకే ఆకును వంటకు వాడాలి.